పర్సంటేజీ ముందొచ్చింది

ఆదిలాబాద్ జిల్లా బోథ్ చుట్టుపక్కల ఊళ్లలో నాలుగేళ్లు దాటినా పిల్లవాడికి మాట రాకపోతే, ఐదో తరగతికొచ్చినా అక్షరాలు కూడబలుక్కోలేకపోతే, ఇంట్లోవాళ్ల చెవిన పడే మొదటి సర్కారు మాట ‘సదరం’, అంటే వైకల్యం ఎంత శాతమో తేల్చి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి. క్యాంపు ఎప్పుడు పెడతారు, స్లాట్ ఎట్లా దొరుకుతుంది, పర్సంటేజీ ఎంత వేస్తారు అన్న దగ్గర మొదలైన మాట చాలాసార్లు అక్కడే ఆగిపోతుంది. ఆ పిల్లవాడికి చెవులు సరిగా వినిపిస్తున్నాయా, నిద్రలో ఫిట్స్ వస్తున్నాయా, బడిలో వినే భాషే ఇంట్లోనూ వింటున్నాడా, కాన్పు కష్టమైందా, ఈ మధ్య ఇంట్లో ఎవరైనా పోయారా, బడిలో ఎవరైనా కొడుతున్నారా అన్న ప్రశ్నలు అడిగే మనిషి ఆ దారిలో ఎదురుకాడు. ఇవన్నీ అడిగి, తల్లిదండ్రులతో విడిగా, పిల్లవాడితో విడిగా మాట్లాడి, ఒళ్లు పరీక్షించి, ఆటలో గమనించి, పంతులు చెప్పింది విని, అవసరమైతేనే పరీక్షలు పెట్టి, చివరికి ఇంటివాళ్లకు అర్థమయ్యేలా చెప్పడాన్నే వైద్యులు సమగ్ర మానసిక పరిశీలన అంటున్నారు. ఇది ఒక్క పూటలో తేలే పని కాదు. మారుమూల ప్రాంతం, డాక్టర్లు లేరు, అందుకే ఇది బోథ్ దాకా రాలేదని సరిపెట్టుకుంటాం. అందులో సగమే నిజం. గత నూరేళ్ల కథను దగ్గర పెట్టుకుని చూస్తే, ఈ నేలమీద పిల్లల మనసును సర్కారు చూసిన ప్రతిసారీ ఆ పిల్లవాడి కోసం చూడలేదు. మొదట పోలీసుకు, తర్వాత బడికి, ఆ తర్వాత పింఛన్ల ఆఫీసుకు కావలసిన జవాబు కోసం చూసింది. అందుకే పరిశీలన కంటే ముందు దాని ఫలితం అనదగ్గ అంకె ఇక్కడికి చేరింది.

పోలీసు కాలం సంగతి తొందరగానే చెప్పుకోవచ్చు. తెలుగునాట విశాఖపట్నంలో 1871 నుంచి పిచ్చాసుపత్రి ఉంది. నిజాం రాజ్యానిది జాల్నాలో ఉండేది. 1953లో దాన్ని హైదరాబాద్‌లోని ఎర్రగడ్డకు తెచ్చారు. మూడేళ్ల తర్వాత రాష్ట్రాలను తిరిగి గీసినప్పుడు జాల్నా బొంబాయి రాష్ట్రంలోకి పోయింది, ఆసుపత్రి మనకు మిగిలింది. వీటిని నడిపిన ఆలోచన ఏమిటో 1912 నాటి లూనసీ చట్టంలో కనబడుతుంది. పుట్టుకతో బుద్ధి ఎదగనివాణ్నీ, నడివయసులో మతి చలించినవాణ్నీ ఆ చట్టం ఒకే నిర్వచనంలో పడేసింది. చేర్చుకొమ్మని ఉత్తర్వు ఇచ్చేది మేజిస్ట్రేటు, వీధిలో తిరుగుతున్నవాణ్ని పట్టి తెచ్చేది పోలీసు. వీడివల్ల ఎవరికైనా ముప్పుందా, వీణ్ని చూసుకునే దిక్కు ఎవరైనా ఉన్నారా అన్నవే వాళ్ల ప్రశ్నలు. పదేళ్ల పిల్లవాడి గురించి అడగడానికి ఆ రెండు ప్రశ్నల్లో ఏదీ పనికిరాదు. 1987లో వచ్చి 1993లో అమలైన మానసిక ఆరోగ్య చట్టం బుద్ధిమాంద్యాన్ని మానసిక రోగం నిర్వచనంలోంచి బయటికి తీసింది. తీయవలసిందే. కానీ తీసిన తీరువల్ల కొత్త చిక్కు వచ్చింది. బుద్ధి ఎదుగుదల తక్కువైన పిల్లవాడికి దిగులు పట్టదా, భయాలుండవా అని అడిగితే చెప్పేవారు లేరు, ఎందుకంటే ఒకరి ఫైలు సంక్షేమ శాఖకూ ఇంకొకరి ఫైలు ఆరోగ్య శాఖకూ పోతాయి. రెండూ ఒకే ఒంట్లో ఉన్న పిల్లవాడు రెండు ఆఫీసుల మధ్య నిలబడ్డాడు.

ఇదే కాలంలో బయట ప్రపంచంలో వేరే దారి పడుతోంది. 1909లో షికాగోలో విలియం హీలీ అనే వైద్యుడు పిల్లల కోర్టుకు వచ్చే కుర్రాళ్లను పరిశీలించడానికి ఒక సంస్థ మొదలుపెట్టాడు. కోర్టు అడిగింది ఒకటైతే ఆయన చూసింది వేరొకటి: ఇల్లు, ఒంటి ఆరోగ్యం, బడి, స్నేహాలు, పిల్లవాడు స్వయంగా చెప్పుకున్న కథ. చైల్డ్ గైడెన్స్ క్లినిక్కులు అక్కణ్నుంచే పుట్టాయి. వైద్యుడు, మనస్తత్వ నిపుణుడు, ఇంటికి పోయి చూసొచ్చే సామాజిక కార్యకర్త ముగ్గురూ కూర్చుని ఒక పిల్లవాడి గురించి మాట్లాడుకోవడం వాటి పద్ధతి. మన దేశంలో మొదటిది 1937లో బొంబాయిలో, టాటాల సోషల్ వర్క్ విద్యాలయం నీడన వచ్చింది. ఈ పద్ధతి ఎందుకు అవసరమో అంకెల్లో రుజువు కావడానికి ఇంకో మూడు దశాబ్దాలు పట్టింది. 1964–65లో ఇంగ్లండు దక్షిణాన ఐల్ ఆఫ్ వైట్ దీవిలో మైకేల్ రట్టర్ బృందం పది, పదకొండేళ్ల పిల్లలందరినీ వడబోసింది. తల్లిదండ్రులు ఇబ్బంది ఉందని చెప్పిన పిల్లలూ పంతుళ్లు చెప్పిన పిల్లలూ చాలావరకు వేర్వేరు పిల్లలని తేలింది. ఇంట్లో మూగనోము పట్టేవాడు బడిలో మామూలుగా ఉండొచ్చు, బడిలో గోడకు తల కొట్టుకునేవాడు ఇంట్లో బుద్ధిమంతుడు కావచ్చు. ఒక్కరినే అడిగి, ఒక్క పూట చూసి రాసింది సగం సమాచారమేనని అప్పట్నుంచి ఎవరూ కాదనలేకపోయారు. నా దృష్టిలో పిల్లల మానసిక వైద్య చరిత్రలో ఏ మందు కన్నా ఈ ఒక్క ఫలితమే విలువైనది.

మన దగ్గరికి మాత్రం ఆ ముగ్గురి కూర్పు రాలేదు. వాళ్ల చేతిలోని పరికరం ఒక్కటే విడిగా వచ్చింది. 1905లో పారిస్‌లో ఆల్ఫ్రెడ్ బినే, సిమోన్ తయారుచేసిన బుద్ధి పరీక్ష బడిలో ఎవరికి అదనపు సాయం కావాలో తేల్చడానికి పుట్టింది. 1920లలో లాహోర్‌లో హెర్బర్ట్ రైస్ దాన్ని హిందుస్తానీలోకి తెచ్చాడు. 1930లలో వి.వి. కామత్ బొంబాయి–కర్ణాటక ప్రాంతంలో కన్నడ, మరాఠీ పిల్లలకు తగ్గట్టు మార్చాడు. బినే–కామత్ అన్న ఆ పరీక్షను ఇప్పటికీ సర్టిఫికెట్ల కోసం వాడుతూనే ఉన్నారు. 1955లో సి.ఎం. భాటియా చదువురాని పిల్లలకు కూడా పెట్టదగ్గ దిమ్మెలూ బొమ్మల పరీక్షలు తెచ్చాడు, ఉత్తరప్రదేశ్ బాలుర మీద లెక్కగట్టి. 1969లో నాగ్‌పూర్‌లో ఎ.జె. మాలిన్ వెక్స్‌లర్ పరీక్షను భారతీయ పిల్లలకు అమర్చాడు. రోజువారీ పనులు ఎంతవరకు సొంతంగా చేసుకుంటున్నాడో తల్లిని అడిగి లెక్కవేసే వైన్‌ల్యాండ్ కొలతకు మన దేశపు రూపం ఇచ్చిందీ ఆయనే. ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్ ఎంత దూరమో అందులో మూడింట రెండు వంతుల దూరంలోనే నాగ్‌పూర్ ఉంది. రోగం ముదిరితే బోథ్ జనం అటు పోవడం కొత్త కాదు. అట్లా ఈ ప్రాంతానికి అతి దగ్గరలో తయారైన పిల్లల కొలబద్ద నాగ్‌పూర్‌దే. కానీ ఆ కొలబద్దను గీసింది పట్నం బడి పిల్లల మీద.

బోథ్‌లో అది ఎంత తేడా తెస్తుందో తెలియాలంటే ఇక్కడి బళ్ల చరిత్ర కొంచెం తిరగెయ్యాలి. 1905లో ఆదిలాబాద్ జిల్లా ఏర్పడ్డ నాటి నుంచీ ఇక్కడి తాలూకాల్లో ఒక్క ఊరి పొలిమేరలోనే గోండీ, కొలామీ, మరాఠీ, లంబాడీ, తెలుగు వినిపించేవి. కచేరీ భాష ఉర్దూ. నిజాం పాలనలో బడిలోనూ పెద్దపీట దానిదే. గోండు పిల్లవాడు బళ్లో కూర్చుని నోరు విప్పకపోతే, పంతులుకు కనిపించేది మొద్దుతనమే. 1940లో జోడెఘాట్‌లో తిరుగుబాటు చేసిన గోండు నాయకుడు కుమ్రం భీం చనిపోయాక సర్కారు మేలుకుని మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను పిలిపించింది. ఆయన ఆధ్వర్యంలో 1943లో మర్లవాయిలో గోండు యువకులను పంతుళ్లుగా తయారుచేసే కేంద్రం మొదలైంది, పిల్లలకు మొదటి అక్షరాలు గోండీలోనే నేర్పాలన్న పట్టుదలతో. ఆ ప్రయత్నం మానసిక వైద్యం పేరున జరగలేదు. అయినా మన విషయానికి అది అతి ముఖ్యమైన సాక్ష్యం. చదువు అంటనిది పిల్లవాడికా, లేక బడి భాష పిల్లవాడికి అంటలేదా అన్న తేడాను ఈ జిల్లాలో సర్కారు స్వయంగా ఒప్పుకున్న మొదటి సందర్భం అది. తర్వాత రాష్ట్రాలు మారాయి, భాషలు మారాయి, ఉర్దూ స్థానంలో తెలుగొచ్చింది. గోండు, కొలాం పిల్లవాడికి మాత్రం ఒక పరాయి భాష పోయి ఇంకో పరాయి భాష వచ్చింది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం చదవడం, రాయడంలో వచ్చే ప్రత్యేక లోపాన్ని 21 వైకల్యాల జాబితాలో చేర్చింది. మంచి మాటే. అయితే ఇంట్లో ఏ భాష, అంగన్‌వాడీలో ఏ భాష, బడి మొదలైనప్పుడు తెలుగు ఎంత వచ్చు అని రాసుకోకుండా బోథ్ పిల్లవాడికి ఆ లోపం ఉందనీ చెప్పలేం, లేదనీ చెప్పలేం. అంకె ఒక్కటే చేతిలో ఉన్నవాడికి లోపమూ, భాష రాకపోవడమూ రెండూ ఒకేలా కనబడతాయి.

తెలుగు ప్రాంతంలో ఈ పిల్లల కోసం సంస్థలు లేవని కాదు. హైదరాబాద్‌లో ఠాకూర్ హరిప్రసాద్ సంస్థ 1968 నుంచి ఉంది. 1984లో సికింద్రాబాద్ బోయినపల్లిలో జాతీయ బుద్ధిమాంద్య సంస్థ వచ్చింది. ఆటిజాన్ని అంచనా వేయడానికి 40 అంశాలతో భారతీయ కొలమానాన్ని తయారుచేసి 2009లో దేశానికి ఇచ్చింది ఆ సంస్థే. అంటే జ్ఞానం మన రాష్ట్రంలోనే, బోథ్ నుంచి ఒక్క రాత్రి ప్రయాణంలోనే ఉంది. అయినా ఊరిదాకా నడిచొచ్చింది ఆ జ్ఞానంలోని చివరి గడి ఒక్కటే. 1995 నాటి వికలాంగుల చట్టం 40 శాతం అన్న గీత గీసింది. తర్వాతి మార్గదర్శకాలు బుద్ధిమాంద్యం స్వల్పమైతే 50, మధ్యస్థమైతే 75, తీవ్రమైతే 90, అతి తీవ్రమైతే 100 శాతం అని బల్ల కట్టాయి. సరిహద్దులో ఉన్నవాడికి 25, అంటే ఏమీ లేనట్టే. ఉమ్మడి రాష్ట్రంలో సదరం వచ్చి ఈ శాతాలను కంప్యూటర్లోకి ఎక్కించింది. 2014లో తెలంగాణలో ఆసరా పింఛన్లు ఆ శాతాన్ని డబ్బుతో ముడిపెట్టాయి: 1,500 రూపాయలు, 2019 నుంచి 3,016, 2023 నుంచి 4,016.

ఇక్కడ ఎవరైనా అడ్డుపడి అడగవచ్చు, ఆ డబ్బు తక్కువదా అని. కాదు. పత్తి పండితే తింటారు, ఎండితే అప్పు చేస్తారు అన్న ఇంటికి నెలకు నాలుగు వేలు ఎంత పెద్దదో కూర్చున్నచోట నుంచి తీర్పులు చెప్పేవాళ్లకు అర్థం కాదు. సదరం పద్ధతి రాకముందు సర్టిఫికెట్ కోసం తిరిగిన తిరుగుడూ, చేతులు మారిన డబ్బూ కూడా మరిచిపోకూడదు. ఒక లెక్క, ఒక రికార్డు ఉండడం దళారీని కొంతైనా అడ్డుకుంది. నా అభ్యంతరం పింఛను మీద లేదు. ఒక్క పూట చూసి పింఛను తేల్చగలరు గానీ చికిత్స తేల్చలేరు. ఒక ఉదాహరణ చాలు. ఆదిలాబాద్ గిరిజనుల్లో సికిల్ సెల్ రక్తహీనత ఉన్న సంగతి వైద్యులకు ఎప్పట్నుంచో తెలుసు. ఆ జబ్బున్న పిల్లల్లో కొందరికి మెదడులోని సన్నని నాళాలు పూడుకుని, పైకి పక్షవాతంలా ఏమీ కనబడకుండానే చదువు, ధ్యాస దెబ్బతింటాయి. అలాంటి పిల్లవాడికి బుద్ధి పరీక్ష పెడితే అంకె తగ్గే వస్తుంది, సర్టిఫికెట్ కూడా రావచ్చు. రక్తపరీక్ష చేసి, జబ్బు పట్టుకుని, తర్వాతి నష్టాన్ని ఆపడమన్నది ఆ సర్టిఫికెట్లో ఎక్కడా లేదు. వినికిడి లోపం, థైరాయిడ్ లోపం, చిన్నపాటి మూర్ఛలు కూడా ఇదే కోవ. ఇక శాతాల బల్లలో చోటే దొరకని పిల్లలున్నారు. పదిహేనేళ్ల పిల్ల తిండి మానేసి, నిద్ర మానేసి, ఎవరితోనూ మాట్లాడకుండా ఉంటే ఆమెకు వేయడానికి అంకె లేదు. ఇంటివాళ్లు క్యాంపుకు తీసుకుపోరు, తాయెత్తు కట్టిస్తారు. 2015–16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో 13–17 ఏళ్ల వారిలో 7.3 శాతానికి ఏదో ఒక మానసిక ఇబ్బంది ఉన్నట్టు తేలింది. ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో రెండు తెలుగు రాష్ట్రాల్లో ఒక్కటీ లేదు.

ఇంకో అభ్యంతరం దీనికి ఎదురు దిక్కు నుంచి వస్తుంది. ఈ పరిశీలనలూ పేర్లూ పట్నపు మోజులు, ఊరికి తన పిల్లలను కడుపులో పెట్టుకోవడం తెలుసు, మందకొడి పిల్లవాడు పశువులు కాసుకుంటూ పదిమందిలో బతికేవాడు, అతడికి జబ్బు పేరు పెట్టింది బడే అని. ఈ మాటలో బలముంది. వేగంగా చదవడం, వెంటనే జవాబు చెప్పడం అవసరమే లేని బతుకులో చాలా లోపాలు లోపాలుగా కనబడవు. గోండు గూడెంలో దేవారి చేసే పూజ, మంత్రగాడి తాడు, దర్గాలో నిద్ర ఇవి కూడా ఇంటిల్లిపాదిని ఒకచోట కూర్చి, నేరం పిల్లవాడిది కాదని చెప్పే పద్ధతులే. ఆ పని అవి బాగానే చేస్తాయి. కానీ ఊరి ఓర్పుకు కూడా లెక్కలున్నాయి. నెమ్మదిగా ఉండే మగపిల్లవాణ్ని భరించినంత తేలికగా, ఫిట్స్ వచ్చే ఆడపిల్లను భరించదు. ఊరు మోసిందని మనం అనే బరువు నిజానికి తల్లి ఒక్కతే మోసింది. పైగా పశువుల మంద ఇప్పుడు ఎన్ని ఇళ్లలో ఉంది? బడి అందరికీ తప్పనిసరి అయ్యాక, బడి పెట్టిన చిక్కును పాత బతుకు గుర్తుచేసుకుని విప్పలేం. పూజా మానక్కర్లేదు, పరిశీలనా మానక్కర్లేదు. బోథ్ జనం ఆచరణలో ఎప్పుడూ రెండూ చేస్తూనే వచ్చారు, రెండోది దొరికినప్పుడల్లా.

మిగిలింది వనరుల ప్రశ్న. జిల్లాకు ఒకరో ఇద్దరో మానసిక వైద్యులు ఉన్నచోట గంటలకొద్దీ ఒక్క పిల్లవాడితో కూర్చోవడం కుదిరే పనేనా? కుదరదు అనే చరిత్రకు అలవాటు పడ్డాం. 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం కాగితం మీదికొచ్చింది. 1996–97లో జిల్లా కార్యక్రమం మొదలైన నాలుగు జిల్లాల్లో మన మెదక్ ఒకటి. కానీ వాటి చూపు ప్రధానంగా పెద్దవాళ్ల తీవ్రమైన జబ్బుల మీదే పడింది. ఆదిలాబాద్‌కు రిమ్స్ 2008లో వచ్చాక మాత్రం కుదరదు అనడానికి బలం తగ్గింది. వైద్య కళాశాల అన్నాక పిల్లల విభాగం, మానసిక విభాగం, చెవి–ముక్కు–గొంతు విభాగం ఒకే ప్రహరీలో ఉండాలి. 2013లో వచ్చిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద డాక్టర్ల బృందాలు ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీకి, ఒకసారి బడికి పోయి 30 రకాల ఇబ్బందులు వెతకాలి. మాట ఆలస్యం, ఆటిజం, వినికిడి, ధ్యాస లోపం వాటిలో ఉన్నాయి. మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి, వాటిలో ప్రత్యేక అవసరాల పిల్లలను రోజూ చూసే ఐఈఆర్‌పీలనే ప్రత్యేక టీచర్లున్నారు. షికాగోలో హీలీ కాలంలోనూ ఇంటికి పోయి విషయం సేకరించింది డాక్టరు కాదన్నది గుర్తుంచుకోవాలి. సమగ్ర పరిశీలనలో మూడొంతులు ఓపికగా అడిగి రాసుకోవడమే, మిగతా వంతుకే నిపుణుడు కావాలి. సర్కారుకు ఇది చేతకాదని కూడా అనలేం. పిల్లవాడి మీద నేరం మోపితే బాలల న్యాయ చట్టం ప్రకారం ప్రొబేషన్ అధికారి పదిహేను రోజుల్లో అతడి ఇల్లు, చదువు, స్నేహాలు, ఆరోగ్యం అన్నీ విచారించి సామాజిక నివేదిక ఇవ్వాలి. ఘోరమైన నేరమైతే 16 దాటిన పిల్లవాడి మానసిక శక్తిని కూడా 2015 చట్టం అంచనా వేయమంటుంది. ఏ తప్పూ చేయని మామూలు పిల్లవాడికి అంత శ్రద్ధ దక్కే ఏర్పాటు లేదు.

ఇన్ని ఉన్నా బోథ్‌లో అసలు చిక్కు ఆశ్రమ పాఠశాల దగ్గర ఉంది. దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. గిరిజన పిల్లలు చిన్న తరగతుల్లోనే హాస్టల్‌కు చేరతారు. కడుపు నిండా తిండి, చదువు దొరుకుతాయి గనక చేర్చడం సబబే. కానీ ఐల్ ఆఫ్ వైట్ నేర్పిన పాఠం ప్రకారం కావలసిన రెండు సాక్ష్యాల్లో ఒకటి అక్కడ తెగిపోతుంది. రాత్రి పక్క తడిపేది, నిద్రలో అరిచేది, పండక్కి ఇంటికి పోయొచ్చాక మాట తగ్గిపోయేది వార్డెన్‌కు వందమందిలో ఒకడి సంగతి. నడక ఎప్పుడొచ్చింది, మొదటి మాట ఏది, జ్వరంతో ఫిట్స్ వచ్చాయా అని చెప్పగల తల్లి గూడెంలో ఉంటుంది. ఆమె గోండీలోనో కొలామీలోనో చెబుతుంది. డాక్టరు దగ్గరికి పిల్లవాణ్ని తీసుకొచ్చేది ఆ కథ తెలియని మనిషి. డాక్టరు ఎంత మంచివాడైనా అప్పుడు అతడి ముందున్నది పిల్లవాడి వర్తమానం మాత్రమే. అందుకు తగ్గట్టే పరీక్ష పెట్టి అంకె వేస్తాడు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మైనర్లను ఆసుపత్రిలో పెద్దవాళ్ల నుంచి వేరుగా ఉంచాలనీ, చేర్చుకునే ముందు ఇద్దరు నిపుణులు విడివిడిగా చూడాలనీ, కరెంటు చికిత్స అసాధారణ పరిస్థితిలో తప్ప ఇవ్వొద్దనీ చెప్పింది. అవన్నీ ఆసుపత్రి గుమ్మం దాటాక వచ్చే రక్షణలు. 2022 అక్టోబరులో మొదలైన టెలి మానస్ 14416 నంబరు హాస్టల్ పిల్లవాడికి పనికొస్తుంది, ఫోను అందుబాటులో ఉంటే. వీటన్నిటికంటే ముందు, ఖర్చులేకుండా చేయదగ్గ పని ఒకటుంది. ఆశ్రమ పాఠశాలలో చేర్చే రోజున తల్లి ఎలాగూ వస్తుంది. ఆమె భాష తెలిసిన అంగన్‌వాడీ టీచరో ఆశా కార్యకర్తో పక్కన కూర్చుని, కాన్పు దగ్గర నుంచి ఆ రోజు దాకా అడిగి రాసి, ఆ కాగితాన్ని పిల్లవాడి వెంట ఒక్కో తరగతికీ పంపాలి. రిమ్స్ డాక్టరుకు ఎప్పుడైనా ఆ పిల్లవాణ్ని చూపించాల్సి వస్తే, తల్లి రాలేకపోయినా ఆమె చెప్పింది మాత్రం బల్లమీద ఉంటుంది.